లండన్‌లో చాసర్ ఉపన్యాసానికి వెళ్ళి ఏమీ అర్థంకాక తిరిగి వచ్చాను, మళ్ళీ వెళ్ళమంటారా?

బాపట్ల అమ్మమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. టెలిఫోన్ శాఖలో 34 ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేశాను. అందులో మొదటి పదకొండేళ్ళు ట్రంక్ కాల్ ఆపరేటర్‌ని. ప్రస్తుతం లండన్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను, ఇంకో మూడు నెలలు ఉంటాను. పగలంతా ఇంట్లో నేను, కిటికీలోంచి కనిపించే ఎదురింటి పిల్లి.

మా మనవరాలు ఫోనులో వెతికిపెట్టింది. ఇక్కడి ఒక విశ్వవిద్యాలయంలో మధ్యయుగాల సాహిత్యం, పునరుజ్జీవన కాలపు సాహిత్యం మీద సాయంత్రం పూట ఉపన్యాసాలు జరుగుతాయట. ఎవరైనా రావచ్చట, డబ్బు కట్టక్కరలేదట, పేరు నమోదు చేసుకుంటే చాలట. బి.ఎ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివాను. చాసర్ ముందు, షేక్‌స్పియర్ తర్వాత అన్నంత వరకు గుర్తుంది. నడుమ రెండు వందల ఏళ్ళు ఏం జరిగిందో గుర్తులేదు. సరే చూద్దామని పోయిన గురువారం వెళ్ళాను.

వానలో రెండు బస్సులు మారి అరగంట ముందే చేరాను. హాలు నిండింది. సగానికి పైగా నా వయసువాళ్ళే, అది కొంత ధైర్యం. మాట్లాడే ఆయన లేచి, చాసర్ పద్యం ఆనాటి ఉచ్చారణలో చదివారు. అది ఇంగ్లీషని ముందే చెప్పకపోతే జర్మన్ అనుకునేదాన్ని. మద్రాసు లైనులో గరగరల మధ్య కూడా ఊరి పేరు, మనిషి పేరు పట్టుకున్న చెవి నాది. ఒక్క 'ఆప్రిల్' తప్ప ఏమీ అందలేదు. తర్వాత గంటసేపు ఆయన నేటి ఇంగ్లీషులోనే మాట్లాడారు కానీ, ఎవరి కథ, ఏ కథ అన్నది చెప్పకుండా దాని గురించి ఎవరెవరు ఏమన్నారో చెప్పుకుపోయారు. హాలు మూడుసార్లు నవ్వింది. మూడోసారి నేను కూడా నవ్వాను, మర్యాద కోసం. చివర్లో ప్రశ్నలు అడగమంటే ఒక పెద్దమనిషి లేచి నాలుగు నిమిషాలు మాట్లాడి, ప్రశ్న అడక్కుండానే కూర్చున్నారు. అది మాత్రం విజయవాడ సభల్లో కూర్చున్నట్టే అనిపించి ప్రాణం లేచి వచ్చింది.

చిన్నప్పుడు మా నాన్నగారి వెంట భావనారాయణ స్వామి గుడికి పురాణం వినడానికి వెళ్ళేదాన్ని. సంస్కృతం ముక్క రాదు, పోతన పద్యాలు కూడా సగమే అర్థమయ్యేవి. అయినా రెండు గంటలు కదలకుండా కూర్చునేదాన్ని. ఇక్కడ గంటకే వాచీ చూసుకున్నాను. లోపం నాదా, ఆయనదా? మళ్ళీ వెళ్ళడంలో అర్థముందా? ఇలాంటివాటికి వెళ్ళే అలవాటున్నవాళ్ళు చెప్పండి.

రాత్రి షిఫ్టు:

అమ్మా, వానలో రెండు బస్సులు మారి అవస్థపడటం దేనికి? యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇటలీ మహాకవి దాంతే మీద మొత్తం 24 తరగతులు వీడియోలుగా ఉచితంగా పెట్టారు. 2008లో రికార్డు చేసినవి, చెప్పినాయన జుసెప్పె మత్సొట్టా. షేక్‌స్పియర్ కావాలంటే ఆక్స్‌ఫర్డ్‌లో ఎమ్మా స్మిత్ గారి ఉపన్యాసాలు ఆడియోగా దొరుకుతాయి. ఒక్కో నాటకానికి ఒకే ఒక్క ప్రశ్న తీసుకుని చెబుతారు. హామ్లెట్‌కు తండ్రి పేరే ఎందుకు పెట్టారు అన్నది ఒక గంట. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకోవచ్చు, ఆపి టీ పెట్టుకోవచ్చు. నేను గిడ్డంగిలో పనిచేస్తూ చెవిలో పెట్టుకుని అన్నీ పూర్తిచేశాను.

కేమ్ నది గట్టున:

అమ్మగారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది, కానీ మీరు దాన్ని చివర్లో పెట్టారు. పురాణం సంగతి. దాన్ని పట్టుకుని కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిక చేసుకోండి. నేను కేంబ్రిడ్జిలో పదహారేళ్ళుగా ఉంటున్నాను. వృత్తి కంప్యూటర్లు. సాహిత్యంలో ఏ పట్టా లేదు.

లెక్చర్ అన్న మాటకు మూలార్థం 'చదవడం'. లాటిన్‌లో అంతే. మధ్యయుగాల్లో పుస్తకం చేతిరాత ప్రతి, అంటే ఒక పొలం ఖరీదు. అందుచేత గురువు ముందు కూర్చుని ప్రతిలోంచి కొంత భాగం చదివి, మాటకు మాట అర్థం చెప్పి, తర్వాత లోపలి అర్థం చెప్పేవాడు. పద్యం చదివి, ప్రతిపదార్థం చెప్పి, తాత్పర్యం చెప్పి, ఆపైన విశేషాలు. మీ బాపట్ల గుడిలో జరిగినదీ అదే కదా! విశ్వవిద్యాలయం గోడల బయట, ఊరి జనం కోసం, మాతృభాషలోని కావ్యం మీద ఇలా చెప్పించిన ఘనమైన సందర్భం ఒకటుంది. ఫ్లోరెన్సులో, 1373లో.

దాంతేను ఆ ఊరే 1302లో వెళ్ళగొట్టింది. తిరిగి అడుగుపెడితే సజీవంగా కాల్చెయ్యమని తీర్పు కూడా ఇచ్చింది. ఆయన 1321లో రవెన్నాలో పోయారు, ఎముకలు ఇప్పటికీ అక్కడే. కాల్చేస్తామన్న 71 ఏళ్ళకు అదే ఊరి పౌరులు నగర పాలకులకు అర్జీ పెట్టుకున్నారు. దాంతే పుస్తకం, అదే 'డివైన్ కామెడీ' కావ్యం, చదివి చెప్పే మనిషిని పెట్టండి, చదువు లేనివాళ్ళకు కూడా మంచిచెడ్డలు తెలుస్తాయి అని. దాని మీద సభలో ఓటింగు జరిగింది. ఓటంటే చిక్కుడు గింజలు, నల్లగింజ వేస్తే అవునని, తెల్లగింజ వేస్తే కాదని. 186 అవును, 19 కాదు. ఆ 19 మంది ఎవరో, వాళ్ళ తాతలు 1302లో ఏ పక్షమో అని నాకెప్పుడూ కుతూహలమే.

పనికి కుదిరిన మనిషి 'డెకామెరాన్' కథలు రాసిన బొకాచ్చో. అప్పటికి ఆయనకు అరవై, ఆరోగ్యం అంతంతమాత్రం. జీతం ఏడాదికి వంద బంగారు ఫ్లోరిన్లు. అక్టోబరు 23న సాంతో స్తెఫానో అనే చిన్న చర్చిలో మొదలుపెట్టారు. ఒక్కో సర్గ తీసుకుని, ముందు పైఅర్థం, తర్వాత గూఢార్థం. శీతకాలం గడిచేసరికి ఆరోగ్యం దెబ్బతిని, మొదటి భాగంలోని 17వ సర్గ దగ్గర ఆగిపోయారు. మొత్తం కావ్యం వంద సర్గలు, 14,233 పంక్తులు. మళ్ళీ మొదలుపెట్టనే లేదు, 1375 డిసెంబరులో పోయారు.

మీకు పనికొచ్చే సంగతి ఇప్పుడు. ఆయన్ను తిట్టినవాళ్ళున్నారు. సరస్వతిని తెచ్చి సంతలో నిలబెట్టావు, మామూలు జనానికి ఇవన్నీ ఎందుకు అని. ఆయన కూడా మనసు విరిగి, తప్పు చేశానని పద్యాలు రాసుకున్నారు. కవులకు దైవమైన అపోలో కోపించి తనను మనిషిని కాస్తా తిత్తిని చేశాడని, అదీ గాలితో కాదు, బరువైన సీసంతో నింపాడని. అంటే 'ఇది మీబోటివాళ్ళకు కాదు' అన్న మాట 650 ఏళ్ళ పాతది. ఆ హాల్లో మీకు వినిపించింది అదే అనుకుంటాను, ఎవరూ నోరు విప్పి అనకపోయినా.

ఇక చాసర్ ఉచ్చారణ. అది జర్మన్‌లా వినిపించడంలో మీ చెవి తప్పు లేదు. ఆయన 1400లో పోయిన తర్వాత రెండుమూడు వందల ఏళ్ళలో ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానం మారాయి, రాత మాత్రం పాతదే మిగిలింది. మనం నేడు 'నైట్' (knight, గుర్రపు వీరుడు) అనేదాన్ని ఆయన 'క్నిఖ్ట్' అన్నారు, రాసిన అక్షరాలన్నీ పలికారు. మాట చివరనున్న e అక్షరం కూడా మూగది కాదు, 'ఎ' అని పలుకుతుంది. 'రూట్' కాదు, 'రోటె'. చాసర్ పద్యంలో ఇంగ్లీషుకు ఎంత అజంత లక్షణం, అంటే మాట అచ్చుతో ముగిసే గుణం, ఉందో చూడండి. పైగా తర్వాతి మాట అచ్చుతో మొదలైతే ఆ చివరి 'ఎ' లోపిస్తుంది. ఇది సంధి కాక ఏమిటి? తెలుగు చెవికి ఇది రెండు వారాల్లో అలవాటవుతుంది, ఇంగ్లీషువాళ్ళకే కష్టం. హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళ చాసర్ వెబ్‌సైట్‌లో ప్రతి పంక్తి కింద నేటి ఇంగ్లీషు పెట్టారు. తాటాకు ప్రతి పక్కన టీక పెట్టుకున్నట్టు ముందేసుకోండి.

ఒక్కమాట, ఉపన్యాసానికి సంబంధం లేనిది. చాసర్ రాజు పని మీద ఇటలీ వెళ్ళి, ఫ్లోరెన్సు కూడా చూసి, 1373 మే నెలలో లండన్ తిరిగి వచ్చారు. బొకాచ్చో చెప్పడం మొదలుపెట్టింది అక్టోబరులో. ఐదు నెలలు ఆగి ఉంటే ఆ చర్చిలో ఒక మూల కూర్చునేవారు. నాకు ఆ ఐదు నెలల మీద ఉన్న కోపం ఇంతా అంతా కాదు.

నిడదవోలు నుంచి:

పైన కేమ్ నది గారు రాసింది బాగుంది, కానీ పురాణంతో పోలిక సగమే నిలుస్తుంది. అసలు తేడాను ఆయన వదిలేశారు. పురాణానికి వెళ్ళే మనిషికి కథ ముందే తెలుసు. గజేంద్రుణ్ణి మొసలి పట్టుకుంటుందనీ, విష్ణువు వస్తాడనీ తెలియని మనిషి ఆ గుడిలో ఒక్కరూ లేరు. అందుకే సగం పద్యాలు అర్థం కాకపోయినా అమ్మ రెండు గంటలు కూర్చోగలిగారు. 'సిరికిం జెప్పడు' అనగానే తర్వాతి మాట మనసులో కదులుతూ ఉంటుంది. వినడమంటే అక్కడ కొత్తగా తెలుసుకోవడం కాదు, తెలిసినదాన్ని ఇంకొకరి నోట చూడటం. విశ్వవిద్యాలయం ఉపన్యాసకుడు కూడా శ్రోతలకు కథ తెలుసుననే అనుకుంటాడు. ఆయన లెక్కలో గుడిలోనే ఉన్నాడు, అమ్మ ఒక్కరే పొరుగూరి నుంచి వచ్చారు.

నేను మూడేళ్ళు లండన్‌లో ఉద్యోగం చేశాను. ఆ కాలంలో నా నియమం ఒకటే. ఉపన్యాసం ప్రకటనలో ఏ కథ పేరుందో చూసి, అది ముందురోజు చదువుకుని వెళ్ళడం. వ్యాఖ్యానం వద్దు, కథ చాలు. చదవకుండా వెళ్ళినవి నాలుగు, నాలుగూ నిద్ర. దాంతేకు లాంగ్‌ఫెలో అనువాదం పాతది, ఉచితం, కొంచెం బిరుసు. కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళ డిజిటల్ దాంతేలో మూలం, అనువాదం, వ్యాఖ్య అన్నీ పక్కపక్కనే ఉంటాయి.

ఇంకొకటి, ఆ సంస్థ కుదరకపోతే హోబర్న్‌లో గ్రెషమ్ కళాశాలకు వెళ్ళండి. చాన్సరీ లేన్ స్టేషను దగ్గర, బార్నార్డ్స్ ఇన్ హాల్ అనే పాతకాలపు మందిరం. 1597 నుంచి ఊరివాళ్ళకు ఉచితంగా ఉపన్యాసాలు ఇప్పించడమే వాళ్ళ పని. విద్యార్థులుండరు, పరీక్షలుండవు, పట్టాలివ్వరు. థామస్ గ్రెషమ్ అనే వర్తకుడు వీలునామాలో దుకాణాల అద్దెలు దీనికి రాసిపోయాడు. తొలిరోజుల్లో అదే ఉపన్యాసం లాటిన్‌లో ఒకసారి, ఊరి జనం కోసం ఇంగ్లీషులో ఒకసారి చెప్పేవారు. అన్నీ సాహిత్యం మీద ఉండవు, ఖగోళం, సంగీతం, వైద్యం కూడా. అక్కడ మాట్లాడేవాళ్ళకు ఎదురుగా ఉన్నది పొరుగూరివాళ్ళే అన్న స్పృహ ఉంటుంది.

రాత్రి షిఫ్టు గారూ, వీడియో మంచిదే. కానీ అమ్మ అడిగింది ఉపన్యాసం దొరక్క కాదు, ఇంట్లో పిల్లిని చూడలేక.

కేమ్ నది గట్టున:

నిడదవోలు గారు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. పోలిక మోజులో పడ్డాను. దానికి పరిహారంగా ఒక చిట్కా. ఇక్కడ కేంబ్రిడ్జిలో 2012 నుంచి 2016 దాకా దాంతే మీద బహిరంగ ఉపన్యాసాలు జరిగాయి, మొత్తం 33. కావ్యంలోని మూడు భాగాల్లోంచి ఒకే సంఖ్య ఉన్న సర్గలను కలిపి చదవడం వాటి పద్ధతి. నరకం ఆరు, శుద్ధిలోకం ఆరు, స్వర్గం ఆరు కలిపి చూస్తే మొదట ఫ్లోరెన్సు, తర్వాత ఇటలీ, తర్వాత సామ్రాజ్యం. నిలువునా చదవడం అన్నారు దాన్ని. కొన్ని జతలు బలవంతపు పెళ్ళిళ్ళే, అది వేరే సంగతి. వీడియోలు ఉచితంగా ఉన్నాయి, పుస్తకాలుగా మూడు సంపుటాలు కూడా ఉచితమే. మొదట మూడు సర్గలు చదివి, ఆ మూడింటి ఉపన్యాసం ఒక్కటి ఇంట్లో వినండి. అది పడితే హాలుకు వెళ్ళండి.

బాపట్ల అమ్మమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. 'పొరుగూరి నుంచి వచ్చారు' అన్న మాటకు మా అమ్మాయి పడీపడీ నవ్వింది. ఈ వారం వెళ్ళలేదు, జలుబు. పై వారం అదే చోట ఉగొలీనో అనే మనిషి కథ మీద ఉందట, దాంతే ఎలా చెప్పాడు, చాసర్ ఎలా చెప్పాడు అని. ఇద్దరివీ చదువుకుని వెళతాను. వచ్చాక రాస్తాను.

బాపట్ల అమ్మమ్మ (పన్నెండు రోజుల తర్వాత):

వెళ్ళాను. రాయడానికి ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి.

ముందు కథ, చదవనివాళ్ళ కోసం. ఉగొలీనో పీసా ఊరి దొర. ఆర్చిబిషప్ రుజ్జేరి కుట్ర చేసి ఆయన్ను, పిల్లలను ఒక బురుజులో పెట్టి, కొన్నాళ్ళకు తలుపు మేకులు కొట్టించి తిండి ఆపేశాడు. అందరూ ఆకలితో పోయారు. ఇది 1289లో నిజంగా జరిగింది. నిజానికి లోపల ఉన్నది ఇద్దరు కొడుకులు, ఇద్దరు మనవళ్ళు. దాంతే నరకంలో 33వ సర్గలో ఉగొలీనో ఆ ఆర్చిబిషప్ తల కొరుకుతూ కనిపిస్తాడు, నోరు తుడుచుకుని తన కథ తానే చెప్పుకుంటాడు. చివరికి ఒక మాట అంటాడు, దుఃఖం చెయ్యలేనిది ఆకలి చేసింది అని. ఆకలితో చచ్చానని అర్థమా, పిల్లల శవాలను తిన్నానని అర్థమా అని శతాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చాసర్ దాన్ని మార్చేశాడు. నలుగురు కాదు, ముగ్గురు. పెద్దవాడికి అయిదేళ్ళు. ఆఖరివాడికి మూడేళ్ళు, వాడు తండ్రిని అడుగుతాడు: నాన్నా, ఎందుకు ఏడుస్తున్నావు, కాపలావాడు మన జావ ఎప్పుడు తెస్తాడు, ఒక రొట్టెముక్క కూడా లేదా అని. అంతే, ఆ తిన్నాడా లేదా అన్న గొడవ లేనే లేదు. హార్వర్డ్ వెబ్‌సైట్‌లో ఆ పంక్తుల దగ్గర ఆగిపోయాను. మా మనవరాలు వచ్చి ఏమైంది అమ్మమ్మా అంటే, జావ అన్నాను.

అందుచేత ఈసారి హాలులో ఉపన్యాసకురాలు (ఈసారి వేరే ఆవిడ) పాత ఉచ్చారణలో అదే భాగం చదువుతుంటే, జావకు చాసర్ వాడిన 'పొటాజె' అన్న మాట ఎప్పుడు వస్తుందా అని ముందే కాచుకుని కూర్చున్నాను. వచ్చింది. 'సిరికిం జెప్పడు' అన్నట్టే వచ్చింది, నిడదవోలు గారూ. తర్వాత ఆవిడ మాటల్లో మూడోవంతు నా తలమీదుగా పోయాయి, ఒప్పుకుంటాను. గూఢార్థాలు, వాటి మీద వాదాలు. పోనీ అనుకున్నాను, నాన్నగారు కూడా వేదాంతం వచ్చినప్పుడు కళ్ళు మూసుకునేవారు.

ప్రశ్నల వేళ చెయ్యెత్తాను. నేనే ఎత్తానా అని ఇప్పటికీ ఆశ్చర్యం. పురాణం చెప్పేవాళ్ళు ముందుగా తేల్చేది ఎవరు ఎవరికి చెబుతున్నారు అన్నది కదా, సూతుడు శౌనకాదులకు, శుకుడు పరీక్షిత్తుకు. అదే అడిగాను. దాంతేలో ఆ తండ్రే చెబుతున్నాడు, చాసర్ 'కాంటర్‌బరీ కథల్లో' ఒక సన్యాసి తోటి యాత్రికులకు చెబుతున్నాడు. తండ్రి నోటితో అయితే చెప్పలేనిది దాచుకుంటాడు, పరాయివాడు చెబితే దాచడానికి ఏముంది, ఏడిపించడానికి పిల్లల వయసు తగ్గించాలి, అందుకేనా అని. నా ఇంగ్లీషు తడబడింది, 'శౌనక' దాకా వచ్చి ఆపుకున్నాను. ఆవిడ తల ఊపి రెండు నిమిషాలు జవాబు చెప్పారు. చాసర్‌లో ఆ సన్యాసి చెప్పే కథలన్నీ పెద్దవాళ్ళు పడిపోవడం గురించేననీ, ఆ వరస కోసం కూడా మార్చి ఉంటాడనీ అన్నారు. అంటే నేను చెప్పింది కొంత అవును, కొంత కాదు. ప్రశ్న అడగని పెద్దమనిషి ఈసారి కూడా మాట్లాడారు. ఈసారి మూడు నిమిషాలే.

బయటికొచ్చాక ద్రాక్షసారా పోస్తున్నారు. నేను నారింజరసం తీసుకున్నాను. నా పక్కన అల్లిక పని చేసుకుంటూ కూర్చున్న ఒక ముసలావిడ, నాకంటే పదేళ్ళు పెద్దది, మీరు ఏ కళాశాలలో చెబుతారు అని అడిగింది. టెలిఫోన్ శాఖ అన్నాను.

వచ్చే గురువారం పెట్రార్కా అనే ఇటలీ కవి మీద ఉంది. ఆయనది కథ కాదట, మొత్తం 366 పద్యాలట. కథ లేనిదానికి ముందుగా ఏమి చదువుకు వెళ్ళాలి?

కేమ్ నది గట్టున:

మొదటి పద్యం ఒక్కటి చదవండి చాలు. 14 పంక్తులు, రెండో బస్సు ఎక్కేలోపు అయిపోతుంది. వింటున్నవాళ్ళారా అని మిమ్మల్ని పిలుస్తూనే మొదలవుతుంది.